నాయన పుస్తకం: చెన్నైలో ఒక స్మృతి సంచిక ముద్రణ సేవపై సమీక్ష

మా నాయన 2024 నవంబరులో, కార్తీక బహుళ పంచమి నాడు, ఎనభై మూడేళ్ల వయసులో కన్నుమూశారు. మొదటి ఆబ్దికం నాటికి ఆయన మీద ఒక చిన్న పుస్తకం వేయించి, వచ్చిన బంధువులకు భోజనాలయ్యాక తలా ఒకటి చేతిలో పెట్టాలని మా అన్న, నేను, చెల్లెలు కలిసి అనుకున్నాము. అందుకోసం రాయపేటలో ఒక చిన్న సంస్థను ఆశ్రయించాము. పాత ఫొటోలను స్కాన్ చేయడం, పుటలు కూర్చడం, అచ్చు వేయడం, కుట్టి అట్ట కట్టడం అన్నీ వారే చేస్తారు. ఈ సమీక్ష వారి పని గురించి. ఐదారుగురితో నడిచే చోటు కనుకా, కొన్ని తప్పులను విప్పి చెప్పబోతున్నాను కనుకా పేరు రాయడం లేదు. ఇటువంటి పని చేసేవారు నగరంలో ఇంకా ఉన్నారు, ఎవరి దగ్గరికి వెళ్లినా ముందుగా అడిగి తేల్చుకోవలసిన సంగతులు మాత్రం ఇవే.

ముందు మేము వారి చేతిలో పెట్టిన సరుకు ఏమిటో చెప్పాలి, లేకపోతే వారి పనిలోని మంచిచెడ్డలు తెలియవు. నాయనది సూళ్లూరుపేట దగ్గరి పల్లె. 1955 అక్టోబరు 2న పెరంబూరులో మొదలైన ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో ఆయన 1961లో అప్రెంటిసుగా చేరారు. రైలుపెట్టెకు అడుగు చట్రాన్ని, పక్క గోడలను, పైకప్పును కలిపి అతికే షెల్ విభాగంలో నలభై ఏళ్లు వెల్డరుగా పనిచేశారు. యాభై ఎనిమిదో ఏట దిగిపోవలసిన మనిషి, 1998లో కేంద్ర ప్రభుత్వం విరమణ వయసును 60కి పెంచడంతో 2001 దాకా ఉన్నారు. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు ఉండేవి. కొన్ని రాత్రులు కళ్లలో ఇసుక పోసినట్టు ఉందని తడిగుడ్డ వేసుకుని పడుకుని, తెల్లవారగానే మళ్లీ సైకిలెక్కేవారు. ప్లాట్‌ఫారం మీద ఏ రైలు ఆగినా పెట్టె నంబరులో మొదటి రెండంకెలు చూసి, అది తయారైన సంవత్సరం అదేనని మాకు చెప్పి, అతుకు ఉన్న చోట వేలితో ఒకసారి తడిమేవారు.

నెల్లూరు వైపు వాళ్లకు పెద్ద జబ్బు చేస్తే మద్రాసుకు రావడం అప్పట్లో ఆనవాయితీ. మా వాళ్లు, మా వాళ్లకు తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు కూడా తెల్లవారుజామున సెంట్రల్‌లో దిగితే అక్కడ నాయన సైకిలుతో నిలబడి ఉండేవారు. రోగిని ఎదురుగా ఉన్న జనరల్ ఆస్పత్రికి నడిపించి, వరుసలో నిలబడి చీటీ రాయించి, కూర్చోబెట్టి, పాలో బన్నో కొనిచ్చి, అప్పుడు షిఫ్టుకు వెళ్లేవారు. ఎన్ని కుటుంబాలకు ఇలా చేశారో మాకు ఆయన పోయిన తరువాత గాని తెలియలేదు. ఈ సంగతి చివర మళ్లీ వస్తుంది, ఎందుకంటే పుస్తకం లెక్క తప్పింది ఇక్కడే.

ఆదివారం మాత్రం ఆయన ఇంట్లో ఉండేవారు కారు. పెరంబూరు నుంచి బేసిన్ బ్రిడ్జికి వెళ్లి, అక్కడ గుమ్మిడిపూండి వైపు వెళ్లే బండి మారి, తడ దాటి సూళ్లూరుపేటలో దిగి పులికాట్ సరస్సు ఒడ్డుకో, మరికొంచెం పైకి వెళ్లి దొరవారిసత్రంలో దిగి నేలపట్టు చెరువుకో చేరేవారు. సెలవు దొరికినప్పుడు చెంగల్పట్టు మీదుగా వేడంతాంగల్. ఏదీ వీలుకాని వారం గిండీ అడవి. 'ప్రకృతి' అన్న మాట ఆయన నోట నేను వినలేదు. "బయటికి పోయొద్దాం రా" అనేవారు, అంతే. పోయి ఏమి చేసేవారంటే చెరువు గట్టు మీద నిలబడేవారు. గంటలకొద్దీ నిలబడి పిట్టలను చూసి, లెక్కపెట్టి, జేబులోని డైరీలో రాసుకునేవారు. బర్మా బజారులో కొన్న రష్యన్ బైనాక్యులర్ ఒకటి, అగ్ఫా క్లిక్ కెమెరా ఒకటి ఉండేవి. ఆ కెమెరాలో రోలుకు డజనుకు మించి ఫొటోలు రావు కనుక బటను నొక్కే ముందు చాలాసేపు ఆలోచించేవారు.

కాబట్టి మేము తీసుకెళ్లినవి రెండు బిస్కెట్ డబ్బాల నెగెటివులు, కొన్ని అచ్చు ఫొటోలు, 31 జేబు డైరీలు. 2015 డిసెంబరు వరదలో కొళత్తూరులోని మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చినప్పుడు డైరీల్లో తొమ్మిది తడిశాయి. ఫౌంటెన్ పెన్ను రాతలు కరిగి నీలి మరకలయ్యాయి గాని, బాల్ పెన్ను రాతలు చెక్కుచెదరలేదు.

స్కానింగు విషయంలో ఈ సంస్థకు నేను మంచి మార్కులే వేస్తాను, మొదట జరిగిన పొరపాటును లెక్కలోకి తీసుకున్నా సరే. క్లిక్ కెమెరాలో వాడినది 120 రకం ఫిల్ము. దాని నెగెటివు మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ము కంటే బాగా వెడల్పు కావడం వల్ల చాలా స్టూడియోల్లోని స్కానర్లలో పట్టదు. మేము అంతకు ముందు వెళ్లిన రెండు చోట్ల నెగెటివును సెల్‌ఫోనుతో ఫొటో తీసి ఇస్తామన్నారు. ఇక్కడ మాత్రం మూతలో కూడా దీపం ఉన్న పెద్ద పలక స్కానరు ఉంది. ఆ పని చూసే పెద్దాయన తెల్లటి నూలు చేతొడుగులు వేసుకుని, ఒక్కొక్క ముక్కను వాసన చూసి, పులిసిన వాసన వచ్చిన వాటిని వేరే పెట్టారు. చెన్నై ఉక్కకు ఫిల్ములోని ఎసిటేటు విరిగి వెనిగరు వాసన వస్తుందని, ఒకదాని నుంచి పక్కదానికి పాకుతుందని, ఇంటికి తీసుకెళ్లాక వీటిని మిగతావాటితో కలపవద్దని తమిళంలో ఓపికగా చెప్పారు. ఈ సలహాకు వారు డబ్బు తీసుకోలేదు.

అయితే మొదటి వారం ఆయన నాకు ఫోన్ చేసి, "సార్, సగానికి పైగా ఉత్త నీళ్ల ఫొటోలే ఉన్నాయి, వీటిని కూడా చేయాలా?" అని అడిగారు. ఒక్కొక్క నెగెటివుకు 40 రూపాయలు తీసుకునే మనిషి ఇలా అడగడం నిజాయితీ అనే అనుకున్నాను. చిన్నప్పుడు మేము కూడా ఆ ఫొటోలను చూసి నవ్వేవాళ్లం. దగ్గరికి లాగే లెన్సు లేని కెమెరాతో చెరువు అవతలి ఒడ్డున ఉన్న పిట్టలను తీస్తే ఏమి కనపడుతుంది? అన్నీ చేయమనే చెప్పాను. పది రోజులకు వచ్చిన నమూనాలు చూస్తే నీళ్లు అద్దంలా ఉన్నాయి, చెట్లు తేటగా ఉన్నాయి, చుక్క మచ్చ లేదు. మా చెల్లెలు ఎంతో బాగున్నాయంది. పక్కనే కూర్చుని చూస్తున్న మా అమ్మాయి మాత్రం "తాత పిట్టలేవి?" అని అడిగింది.

పిట్టలు నిజంగానే లేవు. జరిగినదేమిటంటే, స్కాన్ చేసిన బొమ్మలోని దుమ్మును వెతికి చెరిపే సాఫ్ట్‌వేరు సదుపాయాన్ని ఆ పెద్దాయన అన్నింటికీ కలిపి ఒకేసారి వాడారు. రంగుల ఫిల్ములో పరారుణ కాంతి సాయంతో దుమ్మును వేరుగా పట్టుకోవచ్చు గాని, నలుపు తెలుపు ఫిల్ములోని వెండి రేణువులు కూడా ఆ కాంతిని అడ్డుకుంటాయి కనుక అది ఇక్కడ పనికిరాదు. అందువల్ల చుట్టూ ఉన్న రంగుతో కలవని చిన్న చిన్న చుక్కలన్నింటినీ దుమ్ముగా లెక్కగట్టే పద్ధతిని వాడవలసి వస్తుంది. నెగెటివు మీది దుమ్ము కాంతిని ఆపుతుంది కాబట్టి బొమ్మలో తెల్లటి చుక్కగా పడుతుంది. దూరాన నీళ్ల మీద ఉన్న గూడబాతు (పేరులో బాతు ఉన్నా అది బాతు కాదు, పెలికాన్) కూడా తెల్లటి చుక్కే. యంత్రానికి రెండూ ఒకటే అయ్యాయి. ఈ సంగతి నాకు అర్థమయ్యేలా వివరించినది ఆ పెద్దాయనే, తన పొరపాటును దాచకుండా. మొత్తం నీళ్ల ఫొటోలను రెండోసారి, అంగుళానికి 2400 చుక్కల సాంద్రతతో, శుభ్రం చేయకుండా స్కాన్ చేసి, దుమ్మును చేత్తో ఒక్కొక్కటిగా తీశారు. దీనికి అదనంగా పైసా అడగలేదు.

రెండోసారి వచ్చిన బొమ్మను తెర మీద పెద్దది చేసి చూసిన సాయంత్రం మా ఇంట్లో దీపాలు పెట్టడం కూడా మరిచిపోయాము. నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద గూళ్లు, గూళ్ల మీద గూడబాతులు, కింద నత్తగొట్టు కొంగలు. డైరీలో ఆ తేదీ తీసి చూస్తే ఇలా ఉంది: "దొరవారిసత్రం. నీళ్లు నిండుగా. గూడబాతు 40 పైన. నత్తగొట్టు లెక్కకు అందలేదు. టీ 2. చెప్పు తెగింది." మా అమ్మాయి వేలు పెట్టి లెక్కిస్తే ఫొటోలో 37 తేలాయి. మిగతావి ఫొటో అంచుకు అవతల ఉండి ఉంటాయని దాని వాదన. తాత లెక్క తప్పిందని ఒప్పుకోవడం దానికి ఇష్టం లేదు, నాకూ లేదు. నేలపట్టును పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించినది 1976లో. నాయన డైరీల్లో ఆ చెరువు పేరు అంతకు ముందు నుంచే ఉంది.

ఇక వారి రెండో సేవ, రాత. ఇది నాకు నచ్చలేదు. పదిహేను వేల రూపాయలకు ఒక రచయితను ఇంటికి పంపి, కుటుంబ సభ్యులతో రెండు గంటలు మాట్లాడించి, జీవిత కథ రాసి ఇస్తారు. సగం ముందే కట్టాలి, అది తిరిగి రాదు. వచ్చినతను మర్యాదస్థుడే గాని, చేతిలో అచ్చు వేసిన ప్రశ్నల జాబితా ఉంది. ఆయనకు ఇష్టమైన సూక్తి ఏది, జీవితంలో ఆయన సాధించిన మూడు గొప్ప విజయాలు ఏవి, యువతరానికి ఆయన సందేశం ఏమిటి అని అడిగాడు. మా అమ్మ కాసేపు ఆలోచించి, "ఆయనకు మాగాయ ఇష్టం" అంది. అతను అది రాసుకోలేదు. వారం తరువాత నాలుగు పుటలు వచ్చాయి. శ్రమజీవి, నమ్మకానికి మారుపేరు, ప్రకృతి ప్రేమికుడు, కొండలెక్కినవాడు అని ఉంది. మొదటి మూడూ అబద్ధాలని అనలేను, కానీ పేరు మారిస్తే ఎవరి తండ్రికైనా సరిపోతాయి. నాలుగోది మాత్రం అబద్ధమే. తడ దగ్గరి ఉబ్బలమడుగు దారిలో బండరాళ్లు దాటడం తప్ప నాయన ఏ కొండా ఎక్కలేదు, పిట్టలు చెరువులో ఉంటే కొండెందుకు అనేవారు. మిగతా సగం కట్టకుండా ఆ రాతను వదులుకున్నాము. 7,500 రూపాయలు పోయాయి. ఈ సంస్థకు వెళ్లేవారికి నేను గట్టిగా చెప్పేది ఇదే, రాత మాత్రం ఇంట్లో వాళ్లే రాసుకోండి. వాక్యాలు వంకరగా ఉన్నా ఫరవాలేదు.

మేము రాసిచ్చిన దాన్ని కూర్చే దశలో మరో విచిత్రం జరిగింది. మేము మొదటి నుంచి చివరి దాకా 'నాయన' అనే రాశాము, ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ ఆయనను మరో పేరుతో పిలవలేదు. తెలుగు ప్రూఫులు చూడటానికి వారు పెట్టుకున్న మనిషికి ఆ మాట మోటుగా తోచింది కాబోలు, మమ్మల్ని అడగకుండా కంప్యూటరులో వెతికి మార్చే ఆజ్ఞ ఇచ్చి, 'నాయన' ఉన్న ప్రతిచోటా 'నాన్నగారు' అని మార్చారు. దానితో 'నాయనకు' అన్నది 'నాన్నగారుకు' అయింది. అది సహించవచ్చు. మా పిల్లలు ఎంతో ప్రేమగా రాసిన పుటలో 'నాయనమ్మ' కాస్తా 'నాన్నగారుమ్మ' అయింది. మా అమ్మ అద్దాలు పెట్టుకుని అది చదివి, ఆయన పోయాక మొదటిసారి కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. అందుకని ఈ తప్పు మీద నాకు కోపం నిలవలేదు గాని, సమీక్షలో రాయక తప్పదు. నెల్లూరు, చిత్తూరు సీమల ఇంటి మాటను దిద్దవలసిన తప్పుగా చూడటం ప్రూఫు చూసేవారి పని కాదు.

తెలుగు అక్షరాల విషయంలో ఇంకా ఒకటి. మొదటి ప్రూఫులో వత్తులన్నీ విడిపోయి పక్కన పడ్డాయి, 'అమ్మ' కూడా సరిగా లేదు. పుటలు కూర్చే సాఫ్ట్‌వేరులో భారతీయ లిపుల కోసం ఉన్న ప్రత్యేకమైన కంపోజరును ఎంచుకోకపోతే ఇలా అవుతుంది, తమిళంలో వత్తులు లేవు కనుక వారికి అది అలవాటు లేదు. చెప్పగానే సరిచేశారు. వరుసల మధ్య దూరం కూడా తమిళానికి సరిపోయేంతే పెట్టారు. పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతున్నాయని మూడుసార్లు చెప్పాక, 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల దూరం ఇచ్చారు, అప్పుడు పుట ఊపిరి పీల్చుకుంది. వావిళ్ల వారి పుస్తకాలు అచ్చయిన ఊరు ఇది, 1914 నుంచి ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడిన ఊరు ఇది, 1947లో చందమామ పుట్టినదీ ఇక్కడే. అటువంటి ఊళ్లో ఈనాడు ఒక కుటుంబం అరవై కాపీల తెలుగు పుస్తకం వేసుకోవాలంటే వత్తు ఎక్కడ పెట్టాలో తామే చూపించవలసి రావడం ఆ సంస్థ ఒక్కదాని తప్పు కాదని నాకు తెలుసు. అయినా తెలుగులో పని తీసుకుంటామని బోర్డు మీద రాసినప్పుడు, తెలుగు చదివే మనిషి ఒకరు కూర్పు దగ్గర ఉండాలి కదా.

ఇన్ని చెప్పాక, ఈ సంస్థకు మళ్లీ వెళతావా అంటే వెళతాననే అంటాను. కారణం అక్కడ పుటలు కూర్చే అమ్మాయి. ఆమెకు తెలుగు రాదు. నాయన డైరీలను తిరగేస్తూ, చదవలేకపోయినా, మేమెవ్వరం పట్టించుకోని ఒక సంగతిని ఆమె గమనించింది. ఆయన డైరీకి ముందు వైపు నుంచి ఫ్యాక్టరీ లెక్కలు రాసుకునేవారు. ఏ వారం ఏ షిఫ్టు, ఎన్ని షెల్స్, ఎన్ని గంటల ఓవర్‌టైం, ఏ అతుకు తనిఖీలో తిరిగి వచ్చింది, ఎందుకు వచ్చింది. డైరీని తలకిందులుగా తిప్పి వెనక వైపు నుంచి ఆదివారాల లెక్కలు రాసుకునేవారు. ఏ ఊరు, నీళ్లు ఎంత, ఏ పిట్ట ఎన్ని, టీలు ఎన్ని. డిసెంబరు వచ్చేసరికి రెండూ మధ్యలో ఎక్కడో కలుసుకునేవి. పుస్తకాన్ని కూడా అలాగే చేద్దామా అని ఆ అమ్మాయి అడిగింది. ఒక అట్ట మీద రైలుపెట్టె, తిప్పితే రెండో అట్ట మీద చెరువు, ఎటు నుంచి తెరిచినా మొదలే.

మా అన్న ఒప్పుకోలేదు. ఆబ్దికం నాడు పంచే పుస్తకం తలకిందులుగా ఉండటం బాగుండదన్నాడు. మా పెద్దమ్మకు ఫోన్ చేసి శాస్త్రం అడిగితే, "శాస్త్రంలో పుస్తకాల సంగతి లేదులేరా, వాడు డైరీ అట్లా రాసుకుంటే మీరు అట్లానే వేయండి" అంది. వేశాము. అలా వేసిన తరువాతే నాకు తెలిసిన విషయం ఒకటుంది. అప్పటి దాకా నేను ఫ్యాక్టరీ మనిషి ఒకరు, చెరువు గట్టు మనిషి ఒకరు అన్నట్టుగా ఆయనను గుర్తు చేసుకునేవాణ్ణి. ఆరు రోజుల కష్టానికి ఏడో రోజు విశ్రాంతి అనుకునేవాణ్ణి. రెండు లెక్కలు ఒకదాని పక్కన ఒకటి అచ్చులో చూస్తే రాత తీరు ఒక్కటే. తిరిగి వచ్చిన అతుకును దాచకుండా రాసినట్టే, పిట్టలు రాని ఆదివారాన్ని కూడా "ఏమీ లేవు. ఎండ. వచ్చే వారం చూడాలి" అని రాసుకున్నారు. వచ్చే వారం వెళ్లారు కూడా. సెంట్రల్‌లో రోగుల కోసం నిలబడిన తెల్లవారుజాములు కూడా ఈ లెక్కల మధ్యనే ఉన్నాయి, ఊరి పేరు, బండి పేరు, ఆలస్యం ఎన్ని నిమిషాలు అని. రోగి పేరు, జబ్బు ఎక్కడా రాయలేదు.

రెండు వైపులూ కలిసే నడిమి పుటల్లో ఒకే ఫొటో ఉంది. వేడంతాంగల్ గట్టు మీద మా అమ్మాయి భుజాన బైనాక్యులర్ వేలాడుతోంది, నాయన చేత్తో ఎటో చూపిస్తున్నారు. అక్కడికి వెళ్లిన ప్రతిసారీ పిల్లలకు ఒక సంగతి తప్పకుండా చెప్పేవారు. పిట్టల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే పొలం బాగా పండుతుందని ఆ ఊరివాళ్లకు ఎప్పుడో తెలుసని, అందుకే 1798లోనే అప్పటి చెంగల్పట్టు కలెక్టరు చేత పిట్టలను కాపాడుకునే హక్కును కాగితం మీద రాయించుకున్నారని. వందల మైళ్లు ఎగిరి వచ్చే పిట్టల కంటే, వాటి కోసం కాగితం రాయించుకున్న రైతుల మీదే ఆయనకు గౌరవం ఎక్కువ. మా అమ్మాయి ఆ సంగతిని తన మాటల్లో ఆ ఫొటో కింద రాసింది. ఆ పుటలో ప్రూఫు మనిషి వేలు పెట్టకుండా నేను పక్కన కూర్చుని చూశాను.

గడువు విషయంలో వెళ్లేవారు జాగ్రత్తపడాలి. తండ్రి ఎప్పుడు పోయారని అడిగి వారు ఇంగ్లీషు తేదీని రాసుకుని, దానికి వారం ముందు పుస్తకాలు ఇస్తామన్నారు. ఆబ్దికం తిథిని బట్టి వస్తుంది. 2025లో కార్తీక బహుళ పంచమి ఇంగ్లీషు తేదీ కంటే సుమారు పది రోజుల ముందే వచ్చింది. నేను దసరా తరువాత గాని ఈ తేడాను గమనించలేదు, కాబట్టి తప్పులో నాకూ వాటా ఉంది. దీపావళి సెలవుల్లో కుట్టు పనివాళ్లు ఊళ్లకు వెళ్లారు. చివరికి ఆబ్దికానికి ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి ఆటోలో పుస్తకాలు వచ్చాయి, అట్ట మీది జిగురు ఇంకా వాసన వస్తూ.

కట్టుబడి మాత్రం గట్టిది. జిగురుతో మాత్రమే అతికిస్తే చెన్నై ఉక్కకు రెండేళ్లలో పుటలు రాలిపోతాయని చెప్పి, పదహారేసి పుటల మడతలను దారంతో కుట్టించారు. ఫొటోలకు మెరుపు లేని 130 జీఎస్ఎం ఆర్ట్ కాగితం, రాతకు లేత గోధుమరంగు కాగితం. ఇన్ని తక్కువ కాపీలకు ఆఫ్‌సెట్టు గిట్టదు కనుక డిజిటల్ అచ్చే. నలుపు తెలుపు ఫొటోల్లో నీడలు కొంచెం ఆకుపచ్చగా పడ్డాయి, చూసే కన్నుకు తప్ప తెలియదు. ఖర్చు 212 స్కాన్లకు 8,480, కూర్పుకు 64 పుటలకు పుటకు 200 చొప్పున 12,800, అరవై కాపీలకు కాపీకి 310 చొప్పున 18,600, రాత కోసం వృథా అయిన 7,500, మొత్తం 47,380 రూపాయలు. తక్కువేమీ కాదు. స్కానింగుకూ కుట్టుకూ ఆ ధర న్యాయమే. కూర్పుకు న్యాయం కంటే ఎక్కువే దక్కింది. రాత పేరుతో తీసుకున్నది దండగ.

ఒక్క తప్పు చివరి దాకా దొరకలేదు. చెరువు వైపు నుంచి లెక్కిస్తే ఇరవై మూడో పుటలో, తెర మీద మేము మురిసిపోయిన ఆ ఫొటో కిందనే, 'గూడబాతులు' అన్న చోట 'గూడ బాతులు' అని విడదీసి, పక్కన బాతు బొమ్మ ఒకటి అలంకారంగా పెట్టారు. ఆబ్దికానికి ముందు రాత్రి పదకొండింటి దాకా మా అమ్మాయి, మా అన్న పిల్లలు కూర్చుని తెల్ల కాగితం మీద చిన్న చీటీలు రాసి, కత్తిరించి, అరవై పుస్తకాల్లో బాతు మీద అతికించారు. నాయన ఉంటే ఆ చీటీలు వంకరగా ఉన్నాయని మళ్లీ తీయించేవారు.

అరవై కాపీలు చాలలేదు. పిలిచినవాళ్లు పోగా, పిలవనివాళ్లు వచ్చారు. నాయుడుపేట నుంచి ఒకాయన, కోట నుంచి ఒక ముసలామె, గూడూరు నుంచి అన్నదమ్ములిద్దరు. ఒక్కొక్కరిదీ సెంట్రల్ స్టేషన్ కథే. తారీఖులు గుర్తున్నవాళ్లకు మేము డైరీ పుటలు తీసి చూపించాము, బండి ఎంత ఆలస్యమైందో కూడా అక్కడ ఉంది. ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసిన వారు తొమ్మిది మంది తమకూ ఒక్కొక్కటి కావాలన్నారు. సంస్థవారు పుటలన్నింటినీ భద్రంగా ఉంచారు కనుక మరో నలభై కాపీలకు కూర్పు రుసుము అడగలేదు, కాపీకి అదే 310 తీసుకున్నారు, చెప్పిన రోజుకు ఇచ్చారు. ఈసారి బాతును తీసేశారు, చీటీలు అవసరం పడలేదు.